అదృష్టము – ఉద్యోగము
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

ఒకే ఊరిలో పుట్టి, ఒకే బడిలో ఒకే బల్లపై కూర్చుండి చదువుకొన్న ఇద్దరిలో ఒకడు మంచి పనిలో కుదురుకొని, రెండవవాడు పనికొరకు తిరుగుచున్నచో, మనవారు సాధారణముగా చెప్పు మాట ఒకటి కలదు. "వాని అదృష్టము బాగున్నది, వీని నుదుట ఇంతే వ్రాసియున్నది" అందురు. ఈ మాటలో ఓదార్పు ఉన్నది గాని ఉపాయము లేదు. గ్రామమునకు బాధ్యత వహించిన పంచాయతీ సభ్యులు ఈ మాటతో తృప్తిపడి ఊరకుండుటకు వీలులేదు. ఆ రెండవవాని నుదుటి వ్రాత అని మనము అనుకొనుచున్నది, పరిశీలించి చూచినచో, వేళకు అందని ఒక ధ్రువపత్రమో, ఎవ్వరును చదివి వినిపింపని ఒక ప్రకటనయో కావచ్చును.

అదృష్టము అను పదమునకు మూలార్థము "కానరానిది" అని. ఉద్యోగము అను పదమునకు సంస్కృతమున "పూనిక", "ప్రయత్నము" అని అర్థము. తెలుగులో అది కొలువునకు పేరైనది. కానరానిదానిని కొంతవరకైనను కంటికి కనబడునట్లు చేయునది పూనికయే. కొలువు కోరువానికి ఈ పూనిక ఎట్లు ఫలించునో, అందులో వాని వంతు ఎంతయో, ఊరి వంతు ఎంతయో ఈ పాఠమున పరిశీలింతము.

భీమవరమున పుట్టిన శాస్త్రజ్ఞుడు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. వారిది కలిగిన కుటుంబము కాదు. చదువుకొను కాలముననే తండ్రి మరణించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవ ప్రయత్నమున మద్రాసులో ఉత్తీర్ణులైరి. ఆ పిమ్మట మద్రాసు వైద్య కళాశాలలో చేరిరి. విదేశ వస్తు బహిష్కారమునకు గాంధీజీ ఇచ్చిన పిలుపును మన్నించి ఖద్దరు దుస్తులు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్ళుటచే ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. వ్రాత పరీక్షలలో రాణించినను వారికి పూర్తి పట్టము దక్కలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగమునకు యత్నించిరి. అదియు కుదరలేదు. కొలది దినముల తేడాతో ఇద్దరు సోదరులు స్ప్రూ అను జీర్ణకోశ వ్యాధికి బలియైరి.

ఇంతవరకు చూచినవారు ఆయనను దురదృష్టవంతుడనియే తలచి యుందురు. కాని ఆయన చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రమును బోధించుచు, ఉన్నత విద్యకై అమెరికా వెళ్ళు మార్గములను వెదకుచుండిరి. ఆ రోజులలో మనదేశమునకు వచ్చిన ఒక అమెరికా వైద్యునితో అనుకొనకుండ పరిచయమైనది. 1922 అక్టోబరులో సుబ్బారావుగారు అమెరికాలోని బోస్టను నగరము చేరిరి.

ఈ పరిచయము అదృష్టమే; కాదనరాదు. అయినను అందులో ఎన్ని పాళ్ళు పూనిక ఉన్నదో గమనింపుడు. ఆయన వైద్యవిద్యను అభ్యసించి యుండనిచో ఆ వైద్యునితో మాటాడుటకు విషయమే ఉండెడిది కాదు. ఉద్యోగము రాలేదని ఇల్లు కదలక కూర్చున్నచో ఆ వైద్యుడు తారసపడెడివాడు కాడు. తన కోరికను నలుగురికిని చెప్పక మనసులోనే దాచుకొన్నచో ఎవ్వరును సాయపడెడివారు కారు.

మరియొక సంగతి పంచాయతీ సభ్యులు ముఖ్యముగా గమనింపదగినది. ఆ ప్రయాణమునకు కావలసిన ధనము ఆకాశమునుండి రాలేదు. మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయము చేయుటకు మాట ఇచ్చెను. రంగూనులో కష్టించి ధనమార్జించిన సత్యలింగ నాయకరుగారు తన ఆస్తిని ధర్మకార్యములకు వ్రాసియిచ్చిరి. ఆయన నెలకొల్పిన నిధి తాను ఎరుగని ఒక యువకునికి అదృష్టమైనది. ఒకని అదృష్టమును మరియొకడు ముందుగానే నాటి యుంచవచ్చునని దీనివలన తెలియుచున్నది.

బోస్టనులో ఆయనకు పూలబాట ఎదురుకాలేదు. పొట్టపోసికొనుటకు ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరచు పని చేసిరి. పగలు చదివిరి. 1925లో ఫిస్కే అను ఆచార్యునితో కలసి, శరీర ద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతి వారిద్దరి పేరుననే ప్రసిద్ధమైనది. ఇంత చేసినను హార్వర్డు విశ్వవిద్యాలయమున స్థిరమైన ఆచార్య పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ అను ఔషధ సంస్థలో చేరిరి. అచ్చట ఆయన నాయకత్వమున జరిగిన కృషి వలన 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేయు విధానము వెల్లడియైనది. తన సోదరులను పొట్టనపెట్టుకొన్న స్ప్రూ వ్యాధికి ఈ ఫోలిక్ ఆమ్లము ఔషధమైనది. నేడు మన గ్రామములలో గర్భవతులకు పంచుచున్న ఇనుపధాతువు మాత్రలో ఉన్న ఫోలిక్ ఆమ్లము ఇదియే. బోదకాలు వ్యాధి నిర్మూలనకై ఇంటింట మ్రింగించు మాత్రలలో ఒకటియైన డై-ఇథైల్ కార్బమజైన్ కూడ వారి బృందము పరిశోధనల ఫలమే.

ఆ సంస్థలోనే, డెబ్బది ఏండ్లు దాటిన డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు అనేక ప్రాంతములనుండి తెప్పించిన మట్టి నమూనాలను ఒక్కొక్కటిగా పరీక్షించెను. అమెరికాలోని మిస్సౌరీ నుండి వచ్చిన మట్టిలో ఆరియోమైసిన్ అను ఔషధమునిచ్చు సూక్ష్మజీవి దొరకెను. ఏ పిడికెడు మట్టిలో ఔషధమున్నదో ముందుగా ఎవ్వరికిని తెలియదు. అది అదృష్టపు వంతు. పిడికెడు తరువాత పిడికెడుగా విసుగులేక పరీక్షించుట మనుష్యుని వంతు. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు పరమపదించిరి. జీవితకాలమున వారికి తగినంత కీర్తి రాలేదు. 1995లో భారత ప్రభుత్వము వారి స్మృత్యర్థము తపాలా బిళ్ళను వెలువరించినది.

పంచాయతీ వంతు ఎంత?

ప్రయత్నించిన వారందరికిని ఒకే తీరున ఫలము లభించునని మేము చెప్పము. పేదరికము, అనారోగ్యము, వివక్ష అనేకుల దారికి అడ్డుపడుచున్నవి. కనుకనే పూనికను యువకునిపై మాత్రమే మోపి తప్పుకొనుట న్యాయము కాదు. 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను ఒక పట్టికగా చేర్చినది. విద్య, సాంకేతిక శిక్షణ, వయోజన విద్య, గ్రంథాలయములు ఆ పట్టికలో ఉన్నవి. కావున యువజనులకు దారి చూపుట పంచాయతీకి పరాయి పని కాదు. ఏమి చేయవచ్చునో క్రింద వివరించుచున్నాము.

1. పత్రము సిద్ధముగా నుంచుట. అదృష్టము తలుపు తట్టునాటికి చేతిలో పత్రము లేకున్నచో అది ప్రక్క ఇంటికి పోవును. శిశువు జననమును 21 దినములలో నమోదు చేయింపవలెనని 1969 నాటి చట్టము చెప్పుచున్నది. 2023లో జరిగిన సవరణ ప్రకారము, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ నుండి పుట్టిన వారికి బడిలో చేరుటకును, ఉద్యోగమునకును, ఇతర ముఖ్య కార్యములకును పుట్టినతేదీని రుజువుపరచునది జనన ధ్రువపత్రమే. నమోదునాటికి పేరు పెట్టకున్నచో పన్నెండు నెలలలోపల రుసుము లేకుండ పేరును చేర్పించవచ్చును. ప్రతి సభ్యుడును తన వార్డులో పుట్టిన శిశువుల నమోదు జరిగినదా, పేరు, తేదీ సరిగానున్నవా అని నెలకొకసారి విచారించినచో, పదునెనిమిది ఏండ్ల తరువాత ఒక యువకుడు కార్యాలయముల చుట్టు తిరుగు బాధ తప్పును. కులము, నివాసము, ఆదాయము తెలుపు పత్రముల విషయమునను ఇంతే. పరీక్ష ప్రకటన వెలువడిన పిమ్మట పరుగెత్తుట కంటె, బడి తెరచునాటికే వానిని సిద్ధపరచుట మేలు.

2. వార్తను వేళకు చేర్చుట. జవహర్ నవోదయ విద్యాలయములలో కనీసము నూటికి 75 స్థానములు గ్రామీణ బాలబాలికలకే కేటాయింపబడినవి. ఆరవ తరగతి ప్రవేశపరీక్ష వ్రాయుటకు బాలునికి ఒక్కసారి మాత్రమే అవకాశముండును. అయిదవ తరగతిలో ఉన్న సంవత్సరము ఆ వార్త ఊరికి చేరకున్నచో, ఆ బాలుడు ఎంత తెలివిగలవాడైనను అవకాశము పోయినట్లే. ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ ప్రవేశములు, సైనిక నియామకములు, ప్రభుత్వోద్యోగముల ప్రకటనలు అన్నింటికిని గడువు తేదీలు ఉన్నవి. పంచాయతీ కార్యాలయపు ప్రకటనల బల్లపై వానిని అంటించుటతో పని ముగిసినదని తలపరాదు. చదువరాని తల్లిదండ్రులకు దండోరా వలనను, గ్రామసభలో చదివి వినిపించుట వలనను, నేడు ఇంటింటను ఉన్న ఫోను వలనను గడువు తేదీని తెలియజేయవలెను.

3. అభ్యాసమునకు చోటు కల్పించుట. ఇంటిపన్నుతోపాటు మనము గ్రంథాలయ పన్నును చెల్లించుచున్నాము. ఆ పన్నుకు తగిన ప్రయోజనము మన ఊరికి అందుచున్నదా? గ్రంథాలయము లేని చోట, సాయంకాలము బడి గదినో, పంచాయతీ గదినో తెరచి, ఒక దీపము, నాలుగు బల్లలు, దినపత్రికలు, పాత ప్రశ్నపత్రములు ఉంచినను చాలును. ఇరుకు ఇంటిలో చదువుకొను చోటులేని బాలికకు ఆ గదియే అదృష్టము.

4. పరిచయములు కలిగించుట. ప్రతి గ్రామమునుండియు ఎవరో ఒకరు బయటికి వెళ్ళి ఉపాధ్యాయులుగ, నర్సులుగ, సైనికులుగ, యంత్రపు పనివారుగ స్థిరపడియున్నారు. సంక్రాంతికి వారు ఊరు వచ్చుదురు. ఒక పూట వారిని యువజనులతో కూర్చుండబెట్టి, తాము ఆ పనిలో ఎట్లు చేరిరో, ఏ పరీక్ష వ్రాసిరో, ఏ తప్పులు చేసిరో చెప్పింపుడు. దీనికి ఖర్చు లేదు. పెద్ద ఇండ్లవారికి చుట్టరికముల వలన దొరకు సమాచారము, పేదవాని బిడ్డకు ఈ సమావేశము వలన దొరకును.

5. చేయూతనిచ్చుట. పరీక్ష రుసుము, పట్టణమునకు బస్సు ఖర్చు, ఒక రాత్రి బస—ఇంత చిన్న మొత్తము లేక వెనుకబడినవారు కలరు. దాతలనుండి స్వచ్ఛందముగా విరాళములు కూర్చి ఒక చిన్న విద్యానిధిని ఏర్పరచుకొనవచ్చును. లెక్కలు వేరుగ వ్రాసి, గ్రామసభలో అందరి యెదుట చదువవలెను. ఎవరికి ఇచ్చిరో, ఏల ఇచ్చిరో దాపరికము లేకున్నచో నిధి నిలుచును.

6. తప్పినవానిని విడువకుండుట. పరీక్ష తప్పిన బాలుని ఎగతాళి చేయుట మన ఊళ్ళలో ఉన్న చెడు అలవాటు. మూడవమారు ఉత్తీర్ణుడైన భీమవరపు విద్యార్థిని రెండవమారే వదలివేసినచో లోకమునకు ఎంత నష్టము కలిగి యుండెడిదో తలచుకొనుడు. తప్పినవారి పేర్లు బడినుండి తెలిసికొని, వారి ఇండ్లకు వెళ్ళి, మరల పరీక్షకు కట్టించు పని సభ్యులు చేయదగినది.

అదృష్టమును అమ్మువారున్నారు, జాగ్రత్త

లంచమిచ్చినచో ఉద్యోగము, లక్షలిచ్చినచో విదేశపు వీసా అని చెప్పు దళారులు గ్రామములలో సంచరించుచుందురు. పొలము అమ్మి, పుస్తెలు కుదువబెట్టి వారి చేతిలో పోసిన కుటుంబములు మన రాష్ట్రములలో అనేకము. పనివారిని విదేశములకు పంపు ఏజెంట్లు కేంద్ర ప్రభుత్వమువద్ద నమోదు పొందియుండవలెను. నమోదు సంఖ్య చూపనివానికి, రసీదు ఇయ్యనివానికి ఒక్క రూపాయియు ఇయ్యవలదని గ్రామసభలో గట్టిగా చెప్పుడు. దొడ్డిదారిన వచ్చునది అదృష్టము కాదు, అప్పు.

సభ్యులకును ఇది పాఠమే

పంచాయతీ సభ్యత్వము కూడ ఒక ఉద్యోగమే, అనగా పూనికయే. పంచాయతీలలో స్త్రీలకు మూడవ వంతుకు తగ్గకుండ స్థానములు ఉండవలెనని రాజ్యాంగము విధించినది. తెలుగు రాష్ట్రములు రెండును దానిని సగమునకు పెంచినవి. స్థానము తమ వర్గమునకు వచ్చుట కొందరికి అదృష్టము వలెనే తోచవచ్చును. కాని ఆ కుర్చీలో కూర్చుండి, నగదు పుస్తకము చదువుట నేర్చుకొని, తీర్మానము వ్రాయుట తెలిసికొని, తన సంతకము తానే చేయు సభ్యురాలికి అయిదేండ్ల పిమ్మట రిజర్వేషను మారినను ఊరు విలువనిచ్చును. భర్తయో, సోదరుడో తన బదులు సమావేశమునకు వెళ్ళుటకు ఒప్పుకొన్నచో వచ్చిన అవకాశము వచ్చినట్లే పోవును.

రైతునకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వాన కురియుట అతని చేతిలో లేదు. దుక్కి దున్ని, గట్లు వేసి, విత్తనము సిద్ధపరచుకొనుట అతని చేతిలో ఉన్నది. దున్నని పొలమున పడిన వాన వాగుపాలగును. మన ఊరి బిడ్డల విషయమున ఆ దుక్కి పని నేడే మొదలు కావలెను.

చర్చనీయాంశములు

1. మీ వార్డులో ఈ సంవత్సరము పుట్టిన శిశువులెందరు? అందరి జననములును నమోదైనవా?
2. ఈ సంవత్సరము అయిదవ తరగతి చదువుచున్న బాలబాలికలలో ఎందరి తల్లిదండ్రులకు నవోదయ పరీక్ష సంగతి తెలియును?
3. మీ ఊరినుండి వెళ్ళి వేరుచోట్ల పనిచేయుచున్నవారి పేర్లు, వారి వృత్తులు ఒక పుస్తకమున వ్రాసియుంచిరా?
4. గత పరీక్షలలో తప్పిన విద్యార్థులలో ఎందరు మరల పరీక్షకు కట్టిరి? కట్టనివారిని కలిసికొనుటకు ఏ సభ్యుడు బాధ్యత వహించును?