స్టువర్ట్‌పురం నుంచి విముక్తి దినం దాకా

బాపట్ల, చీరాల మధ్యనున్న స్టువర్ట్‌పురాన్ని దొంగల ఊరనడం అన్యాయం. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఇక్కడికి చేర్చి, క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఉంచారు. పుట్టుకతోనే నేరముద్ర; హాజరు తప్పినా, అనుమతి లేకుండా పొరుగూరు వెళ్లినా శిక్షే.

ఈ ముద్రే భాషలు వేరైన తెగలను కలిపింది. 1998లో పశ్చిమ బెంగాల్‌లో ఖేరియా శబర్ తెగకు చెందిన బుధన్ కస్టడీలో చనిపోతే, ఎన్నడూ చూడని ఆ మనిషి కథను అహ్మదాబాద్‌లో అదే ముద్ర మోసిన ఛారా తెగ యువకులు నాటకంగా ఆడారు. అదే ఏడాది రచయితలు మహాశ్వేతాదేవి, గణేశ్ దేవి, లక్ష్మణ్ గైక్వాడ్ కలిసి విముక్త (నేరముద్ర తొలగిన), సంచార తెగల హక్కుల వేదికను స్థాపించారు.

గుర్తుంచుకోండి: చట్టం రద్దు మద్రాసులో 1947, దేశమంతటా 1952 ఆగస్టు 31. ఆగస్టు 31నే విముక్త తెగలు విముక్తి దినంగా జరుపుకుంటాయి. ఈ తెగల స్థితిగతులపై రెంకే కమిషన్ నివేదిక: 2008.