పాఠం: డ్రోన్ బ్యాటరీ, అమ్మమ్మకు చెప్పాల్సిన మాటలు

పిల్లలూ, ఈ పాఠంలో రెండు పనులు చేద్దాం. ఒకటి, డ్రోన్ బ్యాటరీని జాగ్రత్తగా చూసుకోవడం. రెండు, ఆ జాగ్రత్తలు ఇంట్లో పెద్దవాళ్ళకు తెలుగులో చెప్పడం.

రెండోది ఎందుకంటారా? టాంపినీస్‌లో మనలో చాలామందిమి హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఉంటాం. అమ్మానాన్నలు ఆఫీసుకి వెళ్ళినప్పుడు, ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మో తాతయ్యో మీకు తోడుంటారు. బ్యాటరీ నుంచి పొగ వచ్చినప్పుడు మీరు ఇంగ్లీషులో అరిస్తే వాళ్ళకు వెంటనే అర్థం కాకపోవచ్చు. అప్పుడు తెలుగు మాటే పనికొస్తుంది.

కొత్త మాటలు

ఉబ్బడం: పూరీలాగా లోపల గాలి నిండి లావెక్కడం.
కమురు వాసన: ఏదైనా కాలినప్పుడు, మాడినప్పుడు వచ్చే వాసన.
గచ్చు: ఇంట్లో గట్టి నేల.
చల్లారడం: వేడి తగ్గడం.

1. లోపల ఏముంది?

చాలా డ్రోన్లలో లిథియం పాలిమర్ బ్యాటరీ ఉంటుంది. దీన్ని లైపో అంటారు. మీ ఫోనులో ఉండే లిథియం అయాన్ బ్యాటరీకి ఇది చుట్టమే. ఆ బ్యాటరీని తయారుచేయడానికి దారి చూపిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. వాళ్ళలో జాన్ గుడెనఫ్‌కి అప్పటికి 97 ఏళ్ళు!

బ్యాటరీ లోపల ప్లస్ వైపుకీ మైనస్ వైపుకీ మధ్య పలుచని పొర ఉంటుంది. బ్యాటరీ కిందపడి నొక్కుకుపోయినా, మితిమీరి ఛార్జ్ చేసినా ఆ పొర పాడవచ్చు. అప్పుడు రెండు వైపులూ తగిలి వేడి పుడుతుంది. ఆ వేడి ఇంకా వేడిని పుట్టిస్తుంది. పొగ, మంట క్షణాల్లో వచ్చేస్తాయి. అందుకే ముందే జాగ్రత్తపడాలి.

2. గుర్తుంచుకోవాల్సిన అంకెలు

మామూలు లైపో సెల్ ఒక్కోదానికి:
నిండా ఛార్జ్ అయితే 4.2 వోల్టులు.
3 వోల్టుల కిందికి ఎప్పుడూ దిగనివ్వకూడదు.
కొన్ని రోజులు దాచిపెట్టాలంటే సుమారు 3.8 వోల్టులు, అంటే దాదాపు సగం ఛార్జ్.

లెక్క చేయండి: మూడు సెల్స్ వరసగా కలిపిన బ్యాటరీ నిండితే ఎన్ని వోల్టులు? జవాబు తెలుగు అక్షరాల్లో రాయండి.

3. ఇలా చేయండి, ఇలా చేయొద్దు

డ్రోన్ దించగానే బ్యాటరీ వేడిగా ఉంటుంది. చల్లారాకే ఛార్జింగ్ పెట్టండి.
ఆ బ్యాటరీకి సరిపోయే ఛార్జరే వాడండి.
పెద్దవాళ్ళు దగ్గరుండగా మాత్రమే పెట్టండి. రాత్రి పెట్టి నిద్రపోవద్దు.
మంచం, సోఫా, కర్టెన్ల దగ్గర వద్దు. గచ్చు మీద, చుట్టూ ఏమీ లేనిచోట పెట్టండి.
ఎండ తగిలే కిటికీ దగ్గర ఉంచొద్దు.
ఉబ్బిన బ్యాటరీని నొక్కొద్దు, గుచ్చొద్దు, ఛార్జ్ చేయొద్దు. చెత్త చూట్‌లో గానీ, నీలం రంగు రీసైక్లింగ్ డబ్బాలో గానీ వేయొద్దు. వెంటనే అమ్మకో నాన్నకో చెప్పండి.
గుమ్మం దగ్గర ఛార్జింగ్ పెట్టొద్దు.

ఈ చివరిది చాలా ముఖ్యం. ఫ్లాట్‌కి బయటికి వెళ్ళే దారి సాధారణంగా ఒక్కటే. మంట అక్కడే వస్తే మనం ఎటు వెళ్తాం? 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఒక భవనం కింద ఉన్న విద్యుత్ స్కూటర్ల షోరూంలో మంటలు వచ్చాయి. ఆ పొగ పైనున్న లాడ్జి అంతటా కమ్ముకుంది. ఎనిమిది మంది చనిపోయారు. మంట దూరంగా ఉన్నా పొగ మన దాకా వస్తుందని మర్చిపోకండి.

4. పొగ వస్తే

బ్యాటరీని ముట్టుకోవద్దు. వస్తువుల కోసం ఆగొద్దు. అందరూ బయటికి వచ్చి తలుపు మూసేయండి. లిఫ్ట్ ఎక్కొద్దు, మెట్లు దిగండి. బయటికి వచ్చాక 995కి ఫోన్ చేసి బ్లాకు నంబరు, అంతస్తు, ఇంటి నంబరు చెప్పండి.

5. ఎవరితో ఎలా?

చాలా ఇళ్ళలో పిల్లలు అమ్మమ్మను "నువ్వు" అంటారు, తాతయ్యను "మీరు" అంటారు. మాట కూడా అలాగే మారుతుంది.

"అమ్మమ్మా, పొగ వస్తోంది! లే, బయటికి పద!"
"తాతయ్యా, పొగ వస్తోంది! లేవండి, బయటికి పదండి!"

మీ ఇంట్లో ఎలా పిలుస్తారో అలాగే, గట్టిగా మూడుసార్లు చెప్పి చూడండి.

6. సామెత

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు." వేడి గిన్నె దించేటప్పుడు ముందే ఆకు అడ్డం పెట్టుకోవాలి. చెయ్యి కాలిపోయాక ఆకు పట్టుకుని ఏం లాభం? ఈ సామెత డ్రోన్ బ్యాటరీకి ఎలా సరిపోతుందో రెండు వాక్యాల్లో రాయండి.

ఇంటిపని

పైన చెప్పిన జాగ్రత్తల్లో నాలుగు ఎంచుకుని పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాయండి. ఛార్జింగ్ పెట్టే చోట గోడకు అంటించండి. అమ్మమ్మకో తాతయ్యకో చదివి వినిపించండి. తర్వాత వాళ్ళనే మీకు తిరిగి చెప్పమనండి. వాళ్ళకు ఏ మాట అర్థం కాలేదో అడిగి, దాని బదులు వాళ్ళు వాడే మాట రాయండి. ఆ మాటను వచ్చే క్లాసులో మాకు కూడా నేర్పండి.