చొక్కా చూసి మర్యాద

సాయంత్రంపూట విజయవాడ పటమటలో ఏ బట్టల కొట్టులోనైనా కాసేపు కూర్చుని చూడండి. కారు దిగి వచ్చినవాళ్లకు ముందు కుర్చీ, మంచినీళ్లు. ఆ తర్వాత అడక్కుండానే చీరల కట్టలు విప్పుతారు. ఆటోనగర్ షెడ్డులో పని ముగించుకుని, గోళ్లలో గ్రీజుతో వచ్చిన మెకానిక్‌ను మాత్రం గుమ్మంలోనే అడుగుతారు: "ఎంతలోపు చూపించమంటావ్?"

ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా మనం చెప్పుకునే కథ ఒకటుంది. మాసిన పంచెతో వచ్చిన పెద్దాయన చివరికి వంద ఎకరాల ఆసామి అని తేలుతుంది, కసిరినవాడు నాలిక కరుచుకుంటాడు. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో దీనికి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఈ కథంటే కోపం. ఆయనకు సెంటు భూమి లేకపోతే కసరడం సబబే అయ్యేదా?

పైగా చూపుతో వేసే అంచనా నమ్మదగ్గదీ కాదు. సైనికాధికారులు తమ కిందివాళ్లకు వేసిన మార్కులను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త థార్న్‌డైక్ పరిశీలించి 1920లో ఒక వ్యాసం రాశాడు. ఒడ్డూ పొడుగూ బాగున్నాయనిపించినవాళ్లకే తెలివికీ, నాయకత్వానికీ, నడవడికీ కూడా మంచి మార్కులు పడ్డాయి. 'మనిషిని చూడగానే చెప్పేస్తాను' అనే ధీమా మనకూ అక్కర్లేదు.

వాలకాన్నో, పుట్టుకనో బట్టి మనిషిని తూచే ఈ అలవాటు మనసులో గట్టిగా అనుకున్నంత మాత్రాన పోదు. పటమటలోనే దానికి సాక్ష్యం ఉంది. గోరా, సరస్వతి గోరా దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో ఇక్కడికి వచ్చింది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన గోరా అంటరానితనంపై ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. సహపంక్తి భోజనాలు పెట్టించారు. 1948లో కూతురు మనోరమ పెళ్లి దళిత యువకుడు అర్జునరావుతో సేవాగ్రామ్‌లో జరిపించారు. కొడుకు లవణం పెళ్లాడింది మహాకవి జాషువా కూతురు హేమలతను. ఆ హేమలతే స్టువర్టుపురం వెళ్లి, పుట్టుకతోనే నేరస్తులని బ్రిటిష్ ప్రభుత్వం ముద్రవేసిన కుటుంబాల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. ఆ ముద్ర వేసిన చట్టం 1952 నాటికే దేశమంతటా పోయింది. ఊరి పేరు వినగానే సంచీ దగ్గరకు లాక్కునే చేతులు మాత్రం మిగిలాయి.

అందుకే మర్యాదను ఎదుటివాళ్ల వాలకం చూశాక కాదు, ముందే ఖాయం చేసుకోవాలి. పంపు బాగుచేయడానికి వచ్చినాయనకూ, బ్యాంకు మేనేజరుకూ అదే కుర్చీ, అదే 'రండి'. వంటింట్లో పనావిడకు విడిగా పెట్టిన గ్లాసు ఉంటే ఈ రోజే తీసేయండి. రేపు మన కప్పులోనే టీ పోసి, మన పక్కనే కూర్చోమనండి. మొదట మొహమాటపడుతుంది. మళ్లీ అడగండి.