పాత జీపునకు జంట మాస్టరు సిలిండరు

మన దేశమున 1947లో మహీంద్రావారు విల్లీస్ జీపులను బిగింప మొదలిడినది లగాయతు ఆ జాతి బండ్లు పల్లెలను విడువలేదు. వెంకటాచలము ప్రాంతమునందును పాత జీపుగల రైతులు కలరు. పొలముబాటలో మెల్లగా నడచు ఆ బండియే నెల్లూరు పోవునపుడు జాతీయరహదారిమీద కృష్ణపట్నపు రేవు లారీల నడుమ పరుగిడవలసియున్నది. కావున దాని బ్రేకులనుగూర్చి రెండు మాటలు వ్రాయుచున్నాము.

పెడలు త్రొక్కగా మాస్టరు సిలిండరులోని పిస్టను బ్రేకు ఆయిలును నెట్టును. ఆ ఒత్తిడి గొట్టములవెంట నాలుగు చక్రములకును ప్రాకి బ్రేకు పట్టించును. పాత సిలిండరునకు గది యొక్కటే. ఏ చక్రమునందైన రబ్బరు వాషరు అరిగినను, ఉప్పుగాలికి గొట్టము త్రుప్పుపట్టి చిల్లిపడినను, ఆయిలంతయు నచ్చటనే కారిపోవును. కాలువకు మొదట గండిపడిన చివరిమడికి నీరందనట్లే, నాలుగు చక్రములకును బ్రేకు లేకపోవును. ఒకమాఱు మేమెక్కిన జీపున పెడలు అడుగుపలకకు తగిలెను. వేగము తక్కువగుటచేతను, చేతిబ్రేకు పనిచేయుటచేతను బ్రతికితిమి.

జంట సిలిండరున గదులు రెండు, పిస్టనులు రెండు. ఒక గది ముందుచక్రములకు, ఒకటి వెనుకచక్రములకు. ఒకటి చెడినను రెండవది బండిని నిలుపును. పెడలు క్రిందికి దిగును, బండి మఱికొంత దూరము పోయి నిలుచును, కాని నిలుచును. అమెరికాలో క్రొత్త కార్లకు ఈ జంట ఏర్పాటు 1968 నుండి విధింపబడినది.

మార్చునపుడు గమనింపవలసినవి:

1. లోవ్యాసము పాతదానితో సమముగా నుండవలెను. పెద్దది బలమైనదనుట పొరపాటు. అంగుళము సిలిండరుకంటె ముప్పాతిక అంగుళపుదానిలో, అదే త్రొక్కునకు, ఒత్తిడి సుమారు ఒకటి ముప్పాతిక రెట్లగును. పెడలు దిగు దూరమును అంతే పెరుగును.

2. డ్రమ్ము బ్రేకుల బండికి డ్రమ్ము బ్రేకులకై చేసిన సిలిండరునే కొనవలెను.

3. పెడలు వదలినపుడు త్రోపుడుకడ్డీకిని పిస్టనునకును కొంచెము సందుండవలెను. లేనిచో ఆయిలు మరలివచ్చు రంధ్రము మూసికొని, బ్రేకులు పట్టుకొని డ్రమ్ములు కాగును.

4. ముందు, వెనుక గొట్టములను వేఱుచేసి, బ్రేకులకై చేసిన ఉక్కు గొట్టములనే వాడవలెను.

5. సిలిండరును బిగించుటకు ముందే ఆయిలు నింపి గాలి తీయవలెను. బిగించినపిదప దూరపు చక్రము మొదలుకొని తీయవలెను.

6. డాట్ 3 ఆయిలు క్రొత్తదైన కనీసము 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు మరుగదు. తేమ పీల్చినది 140 డిగ్రీలకే మరుగవచ్చును. కావున మూత విప్పియుంచిన డబ్బా వాడరాదు. ఇంజను ఆయిలు పోసిన రబ్బరులు ఉబ్బి చెడును.

పని ముగిసిన పిమ్మట పెడలును ఒక నిమిషము గట్టిగా త్రొక్కి పట్టవలెను. అది మెల్లగా దిగినచో ఎచ్చటనో లోపము కలదు. నిలిచినచో మొదట పొలముబాటనే నడిపి చూచి, తరువాత రహదారి కెక్కవలెను.

క్రొత్త సిలిండరు వేసితిమని చక్రములలోని పాత వాషరులను మఱువరాదు. ఈ పని బ్రేకుల పని తెలిసిన మేస్త్రీచేతనే చేయించి, పైన చెప్పిన యంశములను దగ్గఱనుండి చూచుకొనవలెనని సభ్యులను కోరుచున్నాము. పంట పోయిన మఱు కారున పండించుకొనవచ్చును. బండిలోని బిడ్డల ప్రాణములకు మఱు కారు లేదు.