బాడీ లేపడం ఒక రోజు పని, స్టీరింగ్ కుదర్చడం ఏళ్ల విద్య

ఫోర్ వీల్ డ్రైవ్ జీపు బాడీని చాసిస్ మీది నుంచి రెండంగుళాలు లేపడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. బాడీ మౌంట్ బోల్టులు వదులుచేసి, జాకీతో ఒక్కో పక్క ఎత్తి, మౌంట్ల దగ్గర స్పేసర్లు పెట్టి, పొడవైన బోల్టులు బిగిస్తారు. ఇద్దరు మనుషులు పొద్దున్నే మొదలుపెడితే చీకటి పడేలోగా అయిపోతుంది. అసలు పని మర్నాడు బండి రోడ్డెక్కాక మొదలవుతుంది. స్టీరింగ్ ఒకచోట బరువుగా, ఇంకోచోట తేలిగ్గా తిరుగుతుంది. మలుపు దాటాక తనంతట తాను మధ్యకు రాదు. ఫోర్-లో (4L) గేరు పడ్డట్టే పడి జారిపోతుంది. రేడియేటర్ దగ్గర ఏదో గీసుకుంటున్న చప్పుడు వస్తుంది. బాడీని లేపిన చేతులకు ఈ లోపాల మూలం తెలియకపోవడం మామూలే. తెలిసిన మెకానిక్‌కు మాత్రం ఏ ఊరు వెళ్లినా పనికి కొదవ ఉండదు. ఆ విద్య ఎక్కడ, ఎలా, ఎంత ఖర్చుతో వస్తుందో పదో తరగతి దాటుతున్న పిల్లలకూ వాళ్ల ఇళ్లలోవాళ్లకూ తెలియాలి.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ప్రేమ్ బజార్‌లో ఈ మాట ఎత్తితే అంత తేలిగ్గా చెవికెక్కదు. ఆ పేట ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకునే ఉంది. 1951లో హిజ్లీలో మొదలైన ఆ సంస్థ దేశంలోనే మొట్టమొదటి ఐఐటీ. ఆ గేటు రోజూ కళ్లబడుతుంటే, పిల్లవాడి బతుకు బాగుపడేది దాని లోపలే అని తల్లిదండ్రులు నమ్మడంలో వింత లేదు. అదే ఊళ్లో రైల్వే వర్క్‌షాపు గేటు కూడా ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి బయల్దేరి వచ్చిన తెలుగువాళ్లు ఆ గేటులోంచే ఖలాసీలుగా, ఫిట్టర్లుగా లోపలికి నడిచారు. ఇవాళ ఆ ఊరి మలంచా, మథురాకాటీ పేటల్లో వీధి వీధినా తెలుగు వినిపిస్తోందన్నా, 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిందన్నా ఆ చేతిపని వేసిన పునాదే కారణం. తాత పానా పట్టి నిలబెట్టిన ఇంట్లో మనవడు పానా పడితే పరువు పోతుందనుకోవడం అన్యాయం.

అంకెలు ఒకసారి చూస్తే ఆశ కొంత నేలమీదకు దిగుతుంది. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్లు 14 లక్షల పైచిలుకు. అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,200 మంది. మొత్తం 23 ఐఐటీల్లో ఆ ఏడాది ఉన్న సీట్లు 17,740. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలు ఆ పోటీకి వెళ్లాల్సిందే, వాళ్లను ఆపకూడదు. కానీ లెక్కల పుస్తకం మూసి, పక్కింటి స్కూటర్ కార్బ్యురేటర్ విప్పుకుని కూర్చునే పిల్లవాణ్ని ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులో వేసి, ఇంటర్‌కు హాస్టల్‌కు పంపి, ర్యాంకు రాకపోతే మళ్లీ లాంగ్ టర్మ్ పెట్టించడం వాడి మీద ప్రేమ అనిపించుకోదు. ఆ ఆరేడేళ్లలో తండ్రి పీఎఫ్ కరిగిపోతుంది, తల్లి గొలుసు తాకట్టులోకి వెళుతుంది. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆ పిల్లవాడి చేతిలో ర్యాంకూ ఉండదు, పనీ ఉండదు. పైగా తాను దేనికీ పనికిరాననే దిగులు ఎక్కుతుంది. డబ్బు నష్టం కన్నా ఆ దిగులు ప్రమాదం.

దీనికి రెండో కొసన ఇంకో ఉచ్చు ఉంది. ఎత్తు లేపిన థార్‌లు, లావు టైర్ల జిప్సీలు ఫోన్‌లో చూసి మోజుపడిన కుర్రాళ్లకు 'మాడిఫికేషన్ కోర్సు' పేరుతో కొన్ని వారాల శిక్షణ అమ్ముతున్నారు. వాటిలో నేర్పేది మొదటి రోజు పని ఒక్కటే, కిట్ బిగించడం. రెండో రోజు వచ్చే తంటాల గురించి ఒక్క తరగతీ ఉండదు. అలాంటి సర్టిఫికెట్‌ను నమ్మి అప్పుచేసి గ్యారేజీ తెరిస్తే, తిరిగొచ్చిన బళ్లను బాగుచేయలేక అద్దె కూడా మీద పడుతుంది. ఏ కోర్సులోనైనా చేరేముందు ఒకటి చూడాలి. స్టీరింగ్ బాక్సు విప్పిన బల్ల, అలైన్‌మెంట్ యంత్రం, పాత బండి చాసిస్ అక్కడ లేకపోతే ఫీజు కట్టకూడదు.

రెండో రోజు పనిలో ఉండే విద్య ఎలాంటిదో స్టీరింగ్ షాఫ్ట్ దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. స్టీరింగ్ కాలమ్ బాడీకి బిగించి ఉంటుంది, స్టీరింగ్ బాక్సు చాసిస్‌కు బిగించి ఉంటుంది. బాడీ రెండంగుళాలు పైకి పోతే ఈ రెంటి మధ్య షాఫ్ట్ సాగాలి, దాని వాలు కూడా మారాలి. ఒకదానిలో ఒకటి జారే రకం షాఫ్ట్ అయితే సాగుతుంది. కానీ లోపలి పళ్లు ఎంత మేర పట్టుకుని మిగిలాయో కొలిచి చూడకపోతే, గోతుల దారిలో చాసిస్ మెలితిరిగిన రోజు షాఫ్ట్ ఊడిపోవచ్చు. స్టీరింగ్ చేతిలో ఉంటుంది, చక్రాలు మాట వినవు. అందుకే పట్టు చాలనప్పుడు సరైన పొడవున్న షాఫ్ట్ గానీ, ఆ బండికే చేసిన ఎక్స్‌టెన్షన్ గానీ వేయాలి. వెల్డింగ్‌తో అతికిన ముక్క వేయడం మనిషి ప్రాణంతో ఆట.

వాలు మారితే వచ్చే తంటా ఇంకో రకం. షాఫ్ట్‌కు రెండు కొసలా క్రాస్ జాయింట్లు ఉంటాయి. కోణం పెరిగేకొద్దీ క్రాస్ జాయింట్ ఒకే వేగంతో తిప్పదు, ప్రతి చుట్టులో రెండుసార్లు తొందరపడి రెండుసార్లు నెమ్మదిస్తుంది. రెండు జాయింట్ల కోణాలు సమానంగా ఉండి, వాటి యోకులు సరైన వరసలో కూర్చుంటే ఒకదాని హెచ్చుతగ్గును రెండోది సర్దేస్తుంది. షాఫ్ట్ విప్పి పెట్టేటప్పుడు ఆ వరస తప్పిందా, చుట్టుకు రెండుచోట్ల స్టీరింగ్ బరువెక్కుతుంది. తెలియనివాడు స్టీరింగ్ బాక్సే పోయిందని కొత్తది కొనిపిస్తాడు. తెలిసినవాడు ముందు చక్రాలను జాకీతో గాలిలోకి లేపి, బాక్సు దగ్గర షాఫ్ట్ విప్పి, పైభాగాన్ని విడిగా, కింది భాగాన్ని విడిగా తిప్పి చూస్తాడు. పట్టేస్తున్నది పైనో కిందో పావుగంటలో తేలుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండిలో మాత్రం, షాఫ్ట్ విప్పాక పైన స్టీరింగ్‌ను ఇష్టం వచ్చినట్టు తిప్పితే లోపలి క్లాక్ స్ప్రింగ్ తెగుతుంది, డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది. మధ్య నుంచి ఎటు ఎంత తిప్పారో లెక్క ఉండాలి, పరీక్ష అయ్యాక తిరిగి మధ్యకు తెచ్చి, కదలకుండా కట్టి, అప్పుడే షాఫ్ట్ ఎక్కించాలి. ఈఎస్‌పీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఉన్నవాటికి స్టీరింగ్ యాంగిల్ సెన్సర్‌ను స్కానర్‌తో మళ్లీ సున్నాకు తేవలసి రావచ్చు. చేతిపని నేర్చినవాడికి వైరింగ్ బొమ్మ చదవడం కూడా రావాలనేది ఇందుకే.

బాడీ లిఫ్ట్‌కూ సస్పెన్షన్ లిఫ్ట్‌కూ తేడా తెలియనివాళ్లే గ్యారేజీల్లో ఎక్కువ డబ్బు వృథా చేయిస్తారు. బాడీని మాత్రమే లేపితే యాక్సిల్, కమాన్ పట్టీలు, టై రాడ్ ఉన్నచోటే ఉంటాయి. కాబట్టి స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చే కాస్టర్ కోణం మారదు. అలాంటి బండి రోడ్డు మీద అటూ ఇటూ తూలుతుంటే తప్పు లావు టైర్లలోనో, షాఫ్ట్ బోల్టు వదులులోనో, అరిగిన బాల్ జాయింట్‌లోనో వెతకాలి. కాస్టర్ సరిచేస్తామని బిల్లు వేయడం తప్పు. 1985లో వచ్చిన మారుతి జిప్సీ లాంటి కమాన్ పట్టీల బండికి పొడవు షాకిల్ వేసి ముందుభాగం ఎత్తితే మాత్రం యాక్సిల్ ఒరుగుతుంది, కాస్టర్ తగ్గుతుంది, స్టీరింగ్ మధ్యకు రావడం మానేస్తుంది. పట్టీకీ యాక్సిల్‌కూ మధ్య వాలు పలక వేసి దాన్ని సరిచేస్తారు. డ్రాగ్ లింక్ వాలు పెరిగితే గోతిలో దిగినప్పుడల్లా బండి తనంతట తాను పక్కకు లాగుతుంది. అది ఇంకో మందు కావాల్సిన జబ్బు.

మిగతావి కళ్లతో వెతికి పట్టుకునేవి. రేడియేటర్ బాడీకి ఉండి ఇంజిన్ చాసిస్‌కు ఉన్న బళ్లలో ఫ్యాన్ కవర్ పైకి పోతుంది, ఫ్యాన్ అక్కడే ఉంటుంది. రెక్కలు కవర్ కింది అంచును గీస్తాయి. కవర్‌ను అంతే దించి బిగించాలి. హోసులు, బ్రేక్ పైపు, హ్యాండ్ బ్రేక్ కేబుల్, ఎర్త్ తీగ బిగుసుకున్నాయేమో తడిమి చూడాలి. ఫోర్-లో జారిపోతోందని ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పేయడం కొత్తవాళ్లు చేసే పని. ముందుగా లివర్ దగ్గర టార్చి వేస్తే, ఫ్లోరు రంధ్రం అంచుకు అది ఆని పూర్తిగా పడక ఆగిపోయిన మచ్చ కనిపిస్తుంది.

ఈ చూపు రావడానికి తగిన దారి ప్రభుత్వ ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్. పదో తరగతి పాసైతే చాలు, రెండేళ్లు. కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉందో లేదో చూసి చేరాలి. ప్రైవేటు ఐటీఐల ఫీజు కట్టేముందు ప్రభుత్వ ఐటీఐలో సీటు కోసం గట్టిగా ప్రయత్నించడం మేలు. ఐటీఐ తర్వాత వెంటనే సొంత గ్యారేజీ అనే తొందర మానుకుని, 1961 అప్రెంటిస్ చట్టం కింద ఒక ఏడాది, ఆ తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సస్పెన్షన్, అలైన్‌మెంట్ విభాగంలోనే రెండు మూడేళ్లు ఉండాలి. నెల జీతం మొదట్లో తక్కువే. కానీ కొలిచి పనిచేయడం, టార్క్ రెంచ్ లేకుండా స్టీరింగ్ బోల్టు ముట్టుకోకపోవడం అక్కడ అలవాటవుతాయి. ఇంట్లోవాళ్లు ఆ మూడేళ్లూ 'ఎంత తెస్తున్నావు' అని సతాయించకుండా ఉంటే సగం గెలిచినట్టే. ఖరగ్‌పూర్ పిల్లలకు సౌత్ ఈస్టర్న్ రైల్వే అప్రెంటిస్ నియామకాలూ అందుబాటులోనే ఉన్నాయి.

చట్టం సంగతి కుర్రాళ్లకు ఎవరూ చెప్పరు, చెప్పి తీరాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. అదే ఏడాది సవరణతో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గరా పేచీ వస్తుంది. కాబట్టి రోడ్డు మీద తిరిగే బళ్లను లేపడమే వృత్తిగా పెట్టుకోకూడదు. వేరేవాళ్లు పాడుచేసినదాన్ని మళ్లీ కంపెనీ కొలతలకు తేవడం, పాత జీపులను బాగుచేయడం, రేసు ట్రాక్ కోసం మాత్రమే కట్టే బళ్ల మీద పనిచేయడం ఎక్కువ కాలం నిలిచే మార్గాలు.

పైచదువుకు తలుపులు మూసుకుపోవు. ఐటీఐ నుంచి డిప్లొమా రెండో ఏడాదిలోకి, అక్కడి నుంచి బెంగాల్‌లో జెలెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు. 2007 నుంచి జరుగుతున్న బాహా ఎస్ఏఈ ఇండియా పోటీలో విద్యార్థులు మట్టిదారి బండిని తామే గీసి, కట్టి, నడుపుతారు. పానా పట్టిన అనుభవంతో ఆ జట్టులో చేరిన డిప్లొమా కుర్రాడికి స్టీరింగ్ జామెట్రీ పుస్తకంలో బొమ్మలా కనిపించదు. నేర్పాలనే ఇష్టం ఉంటే ఏడాది క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ చేసి ఐటీఐలోనే బోధకుడు కావచ్చు.

పని నేర్చుకోవడానికి గ్యారేజీని ఎంచుకునేటప్పుడు అద్దాల షోరూమ్‌ను చూడకూడదు. బండి లోపలికి వచ్చినప్పుడు తీసిన అలైన్‌మెంట్ కాగితం, బయటికి పంపేటప్పుడు తీసిన కాగితం రెండూ చూపించమని అడగాలి. రెండూ ఫైలులో ఉన్నచోట, పెద్ద మెకానిక్ తానే బండెక్కి నాలుగు కిలోమీటర్లు నడిపి వచ్చాకే తాళాలు ఇచ్చేచోట పిల్లవాణ్ని చేర్చాలి.