చిగుళ్ల లెక్క వాయిదా వేయకండి

ఆవపల్లి బ్రాంచికి మేనేజరుగా బదిలీ ఉత్తర్వు చేతికొచ్చిన రోజు ఇంట్లో అందరూ అడిగింది ఒక్కటే: "అక్కడ నీ డాక్టరు ఉండరు కదా, ఎలా?" హనుమకొండలో మా ఇంటి నుంచి బయలుదేరితే ఏటూరునాగారం దాటాక గోదావరి వంతెన, ఆపైన భోపాలపట్నం, బీజాపూర్. అక్కడి నుంచి బాసగూడ వెళ్లే రోడ్డు మీద వస్తుంది ఆవపల్లి. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ ప్రాంతం, బీజాపూర్ జిల్లా, ఉసూరు బ్లాకు. కౌంటరు దగ్గర గోండీ, దోర్లీ, హిందీతో పాటు మన తెలుగూ వినిపిస్తుంది కాబట్టి భాష గురించి బెంగ లేదు. బెంగంతా నా జబ్బు గురించే.

నాకు సిస్టమిక్ స్క్లెరోసిస్ ఉంది. స్క్లెరోడెర్మా అని కూడా అంటారు. చలికి వేళ్లు ముందు తెల్లబడి, తర్వాత నీలంగా మారి, ఆపైన ఎర్రబడటంతో మొదలైంది. నోట్లు చకచకా లెక్కపెట్టిన వేళ్లు బిగుసుకుపోయాయి. వేలి కొనల చర్మం నున్నబడి, ఒకరోజు బయోమెట్రిక్ యంత్రం నా వేలిని గుర్తుపట్టనని మొండికేసింది. ఊపిరితిత్తులు, గుండె, మూత్రపిండాలు ఇలా డాక్టరు చూపించుకోమన్నవన్నీ క్రమం తప్పకుండా చూపించుకున్నాను. నోటి సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ నిర్లక్ష్యం ఫలితం ఆవపల్లిలో అనుభవించాను. నాలాంటి జబ్బుతో ఉన్నవాళ్లు మన బ్యాంకు కుటుంబాల్లో ఇంకా ఉండి ఉంటారు. వాళ్లకోసమే ఈ వ్యాసం.

రక్తం ఆగిందనుకున్నాను

అక్కడ మొదటి చలికాలంలోనే పళ్లు తోముకుంటుంటే నెత్తురు కనిపించడం మొదలైంది. ముందు పళ్ల మధ్య చిగుళ్లు ఉబ్బి, పంటి మీదికి పాకినట్టు పెరిగాయి. గట్టిగా తోముతున్నానేమో అనుకుని తోమడం తగ్గించాను. నేను చేసిన మొదటి తప్పు అది.

మా బ్రాంచి ఊడ్చి శుభ్రం చేసే అక్క నా అవస్థ చూసి చిన్న డబ్బా ఇచ్చింది. "ఇది రుద్దండి మేడమ్, రెండు రోజుల్లో నెత్తురు ఆగుద్ది" అంది. అది గుడాఖు. పొగాకు, బెల్లం మడ్డి కలిపి చేసే నల్లటి ముద్ద. ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో చాలామంది ఆడవాళ్లు పొద్దున్నే దాంతో పళ్లు తోముకుంటారు. మన ఉత్తరాంధ్రలో కొందరు అడ్డపొగ తాగినట్టే ఇదీ అలవాటుగా వచ్చిందే. ఎంబీఏ చదివిన నేను కూడా నొప్పి భరించలేక రెండు రోజులు రుద్దాను. నిజంగానే రక్తం ఆగింది. మా వారికి ఫోన్ చేసి సంతోషంగా చెప్పాను కూడా. కానీ మూడో రోజు పొద్దున తెల్లబడిన వేళ్లు ఎంతసేపటికీ మామూలు రంగుకు రాలేదు. భయపడి డబ్బా తిరిగి ఇచ్చేశాను.

సెలవు పెట్టి హనుమకొండ వచ్చినప్పుడు చిగుళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన విని చెప్పిన మాట నాకు గుర్తుండిపోయింది: "రక్తం ఆగలేదమ్మా, కనిపించడం మానేసింది." పొగాకులోని నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. లోపల చిగురు చెడుతూనే ఉంటుంది, పైకి మాత్రం రక్తం రాదు. నా జబ్బులో రక్తనాళాలు ఎలాగూ ముడుచుకుపోతుంటాయి. పొగాకు దాన్ని ఇంకా పెంచుతుంది. వేళ్లు అలా అయింది అందుకే.

తర్వాత నేను వాడే మందులన్నీ చెప్పమన్నారు. వేళ్లకు రక్తం బాగా అందడానికి నేను నిఫెడిపిన్ వేసుకుంటున్నాను. ఆ కోవ మందులు కొందరిలో చిగుళ్లు పెరిగేలా చేస్తాయని, పాచి ఉంటే ఆ పెరుగుదల ఇంకా ఎక్కువవుతుందని అప్పుడే తెలిసింది. మందు సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పి, నా రుమటాలజిస్టుకు ఉత్తరం రాసి ఇచ్చారు. ఆవిడ మరో రకం మందుకు మార్చారు. పళ్ల గార తీయించుకుని, పాచి లేకుండా చూసుకుంటే కొన్ని నెలల్లో చిగుళ్లు చాలావరకు తగ్గాయి.

చిగురుకూ ఈ జబ్బులకూ సంబంధం ఏమిటి?

శరీరంలో అవయవాలను, చర్మాన్ని, కీళ్లను పట్టి ఉంచేది కనెక్టివ్ టిష్యూ. పాఠ్యపుస్తకాల్లో సంయోజక కణజాలం అంటారు. దానిలో ముఖ్యమైన ప్రోటీన్ కొల్లాజెన్. పన్ను ఎముకలో మేకులా దిగబడి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారలు పన్నును పట్టుకుని ఉంటాయి. ఆ నారలూ, పైన కప్పిన చిగురూ ఎక్కువగా కొల్లాజెన్‌తోనే తయారవుతాయి. అందుకే కనెక్టివ్ టిష్యూకు జబ్బు వస్తే అది నోటి దాకా వస్తుంది. అయితే ఒక్కో జబ్బు ఒక్కో దారిలో వస్తుంది.

స్క్లెరోడెర్మాలో కొల్లాజెన్ మోతాదు మించి పేరుకుంటుంది. పెదవుల చుట్టూ చర్మం బిగిసి నోరు పూర్తిగా తెరుచుకోదు. బ్రష్ వెనక పళ్ల దాకా వెళ్లదు. వేళ్లు వంగవు కాబట్టి బ్రష్ పట్టు చిక్కదు. చాలామందిలో లాలాజలం కూడా తగ్గుతుంది.

షోగ్రెన్స్‌లో రోగనిరోధక వ్యవస్థ లాలాజల గ్రంథుల మీదే దాడి చేస్తుంది. లాలాజలం నోటిని నిరంతరం కడిగే నీరు. అది తగ్గితే పళ్లు త్వరగా పుచ్చుతాయి, నోట్లో ఫంగస్ చేరుతుంది.

లూపస్‌లో నోటిపుళ్లు వస్తాయి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వల్ల చిగుళ్ల ఇన్‌ఫెక్షన్ తేలిగ్గా ముదురుతుంది.

ఎహ్లర్స్-డాన్లాస్ అనే వంశపారంపర్య జబ్బుల్లో కణజాలం బలహీనంగా ఉంటుంది. డెన్మార్క్ వైద్యుడు ఎహ్లర్స్ 1901లో, ఫ్రాన్స్ వైద్యుడు డాన్లాస్ 1908లో దీన్ని వర్ణించారు. 2017 నాటి వర్గీకరణలో దీనికి 13 రకాలు. వాటిలో ఒకటి ప్రధానంగా చిగుళ్లనే దెబ్బతీస్తుంది. దానికి కారణమైన జన్యువులను 2016లో గుర్తించారు. ఇంట్లో టీనేజీ పిల్లలకు నోరు శుభ్రంగానే ఉన్నా చిగుళ్లు కిందికి జారి పళ్లు కదులుతుంటే, చిన్న దెబ్బకే కమిలిపోతుంటే తోమడం రాలేదని తిట్టకండి. డాక్టరుకు చూపించి ఈ జబ్బు గురించి అడగండి.

బ్యాంకు భాషలో చెప్పుకుందాం

ఖాతా ఒక్క రోజులో ఎన్‌పీఏ కాదు. బకాయి 30 రోజుల లోపు ఉంటే ఎస్‌ఎంఏ-0, 60 లోపు ఎస్‌ఎంఏ-1, 90 లోపు ఎస్‌ఎంఏ-2. 90 దాటాకే ఎన్‌పీఏ. చిగుళ్లూ అంతే. ఎర్రబడటం, ఉబ్బడం, తోమితే రక్తం రావడం మొదటి దశ. అప్పుడే పట్టించుకుంటే చిగురు పూర్తిగా మామూలవుతుంది. ఆ దశ దాటి లోపలి నారలు, ఎముక కరిగితే పోయింది తిరిగి రావడం కష్టం. ఉన్నదాన్ని కాపాడుకోవడమే మిగులుతుంది. గుడాఖు రుద్ది రక్తం ఆపడం అంటే బకాయి వసూలు చేయకుండా ఖాతా బాగుందని రిపోర్టు రాయడమే.

నా జబ్బును నేను ఆపలేను. పాచిని ఆపగలను. నా చేతిలో ఉన్న భాగం అదే.

నేను రోజూ చేసేవి

1. పిల్లల సైజు తల ఉన్న మెత్తని బ్రష్ వాడతాను. పిడికి గుడ్డ చుట్టి, పైన సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడిగాను. పట్టు దొరికింది. వీలున్నవాళ్లు బ్యాటరీ బ్రష్ కొనుక్కోవచ్చు.

2. బ్రష్‌ను చిగురు అంచు మీద ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో ఆనించి మెల్లగా కదుపుతాను. రక్తం వస్తోందని ఆపను. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, రోజుకు రెండుసార్లు.

3. పళ్ల సందుల్లోకి దారం తిప్పడానికి నా వేళ్లు సహకరించవు. చిన్న సందు బ్రష్‌లు వాడతాను.

4. పొద్దున, సాయంత్రం నోటి వ్యాయామం చేస్తాను. నోరు వీలైనంత తెరిచి కొన్ని క్షణాలు ఆపడం, బొటనవేళ్లతో నోటి మూలలు మెల్లగా సాగదీయడం. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకునే మొదలుపెట్టండి. దవడ కీలు జారే గుణం ఉన్న ఎహ్లర్స్-డాన్లాస్ వాళ్లు ఇది చేయకూడదు.

5. టేబుల్ మీద నీళ్ల సీసా ఉంచుకుని గుక్క గుక్కగా తాగుతాను. నోరు ఆరుతోందని తీపి చాక్లెట్లు, పుల్లని బిళ్లలు చప్పరించను. చక్కెర లేని చూయింగ్ గమ్ నయం.

6. ఈ జబ్బులో పుల్లని తేన్పులు, మంట సాధారణం. అప్పుడు నోరు నీళ్లతో పుక్కిలించి, కాసేపు ఆగాకే తోముతాను. వెంటనే తోమితే యాసిడ్‌తో మెత్తబడిన పంటి పొర అరుగుతుంది.

7. క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత డాక్టరు చెప్పినన్ని రోజులే. ఎక్కువ కాలం వాడితే పళ్లకు మరకలు పడతాయి.

ఉసిరికాయ సంగతి చాలామంది అడుగుతారు. కొల్లాజెన్ సరిగ్గా తయారు కావడానికి విటమిన్ సి కావాలి. అది లేకే పూర్వం నావికులకు చిగుళ్లు కుళ్లేవి. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు నారింజ, నిమ్మ పండ్లు ఇచ్చి ఆ జబ్బు నయమవుతుందని చూపాడు. కాబట్టి ఉసిరి, జామ తినండి. అయితే విటమిన్ సి తక్కువై వచ్చిన జబ్బు వేరు, మాది వేరు. మాకు అది ఆహారమే కానీ మందు కాదు.

ఇద్దరు డాక్టర్ల మధ్య మీరే కలపాలి

నా కీళ్ల డాక్టరు నోరు చూడలేదు, అంతకుముందు నేను వెళ్లిన పళ్ల డాక్టరు మందుల చీటీ అడగలేదు. తప్పు వాళ్లదే అనను, నేనూ చెప్పలేదు. ఇప్పుడు ఒక కాగితం మడిచి పర్సులో పెట్టుకుంటాను. జబ్బు పేరు, వాడే మందులన్నీ, డాక్టర్ల ఫోన్ నంబర్లు అందులో ఉంటాయి. పన్ను పీకించుకునే ముందు ముఖ్యంగా ఇవి చెప్పాలి: స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు, రక్తం పలచబరిచే మందులు, ఎముకలు గుల్లబారకుండా ఇచ్చే మందులు. గుండె కవాటం మార్పించుకున్నవాళ్లు ముందుగా యాంటీబయాటిక్ వేసుకోవాలేమో అడగాలి. ఎహ్లర్స్-డాన్లాస్ ఉన్నవాళ్లకు తిమ్మిరి ఇంజెక్షన్ సరిగ్గా పట్టకపోవచ్చు, కుట్లు నిలవకపోవచ్చు. అదీ ముందే చెప్పాలి. ఎక్కువసేపు నోరు తెరిచి ఉండలేనివాళ్లు రెండు మూడు చిన్న సిటింగులు అడిగి పెట్టించుకోవాలి.

ఖర్చు సంగతి

2015 మే 25న కుదిరిన పదో ద్వైపాక్షిక ఒప్పందంతో మనకు వచ్చిన వైద్య బీమా పథకంలో, ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే చికిత్సల జాబితా ఉంది. అందులో లూపస్ పేరుతో పాటు "ఏదైనా కనెక్టివ్ టిష్యూ డిజార్డర్" అనే మాట కూడా ఉంది. చాలామంది సహోద్యోగులకు ఇది తెలియదు. పళ్ల చికిత్సకు షరతులు వేరు. కాబట్టి ఈ ఏడాది సర్క్యులరు చదివి, చీటీలో జబ్బు పేరు స్పష్టంగా రాయించుకుని, బిల్లులు జాగ్రత్త చేయండి.

ఇప్పుడు మూడు, నాలుగు నెలలకోసారి సెలవు చూసుకుని చిగుళ్లు చూపించుకుంటున్నాను. ఆ తేదీని ఆడిట్ తేదీలాగే డైరీలో ముందే రాసుకుంటాను.

డబ్బా ఇచ్చిన అక్కకు డాక్టరు చెప్పిందంతా చెప్పాను. ఆమె నవ్వి, కింది పెదవి తిప్పి చూపించింది. లోపల తెల్లని మచ్చ. నెత్తురు రావడం లేదు కాబట్టి ఏమీ కాలేదనుకుంటోంది. ఆ వారమే బీజాపూర్ జిల్లా ఆసుపత్రికి పంపాను. గుడాఖు పూర్తిగా మానేసి మళ్లీ రమ్మన్నారట. "నాలుగుసార్లు రుద్దేదాన్ని, ఇప్పుడు ఒక్కసారే మేడమ్" అంటుంది. ఆ ఒక్కసారి కూడా మాన్పించే ప్రయత్నంలో ఉన్నాను.

రేపు పొద్దున పళ్లు తోముకునేటప్పుడు ఒకసారి అద్దంలో మీ చిగుళ్లు చూసుకోండి. ఇంట్లో ఈ జబ్బులున్నవాళ్లుంటే వాళ్లవీ చూడండి. ఎర్రగా కనిపిస్తే ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి.