కబురు కొనేముందు దాని విలువ కట్టండి

గుంటూరులో ఓ మిర్చి వ్యాపారి దగ్గర మీరు ఎకౌంటెంటు అనుకుందాం. ఏప్రిల్ నెల. చేతిలో వంద క్వింటాళ్ల తేజ రకం మిర్చి ఉంది. ఇవాళే అమ్మాలా, ఏసీ గోదాములో నిల్వ పెట్టాలా అన్నది యజమాని ప్రశ్న. ఇంతలో ఒకరు వచ్చి, కోల్డ్ స్టోరేజీల నిల్వలు, ఎగుమతి ఆర్డర్లు, రాబోయే సాగు అన్నీ ఆరా తీసి ధర ఎటు పోతుందో చెబుతానన్నారు. ఫీజు రెండు లక్షలు. ఇవ్వొచ్చా? ఒక కాగితం, పెన్సిలు చాలు, జవాబు తేలుతుంది. కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవే.

ముందు ఒక చదరం గీయండి. అది మన చేతిలోని నిర్ణయం. దానికి రెండు కొమ్మలు: అమ్మకం, నిల్వ. నిల్వ కొమ్మ చివర సున్నా చుట్టండి. అది మన చేతిలో లేని ధర.

క్వింటా 14,000 చొప్పున ఇవాళ అమ్మితే 14 లక్షలు. ఆరు నెలలు ఆగితే ధర 18,000కు ఎక్కవచ్చు, 11,000కు పడవచ్చు. అద్దె, వడ్డీ కింద లక్ష తీసేస్తే మిగిలేది 17 లక్షలు లేదా 10 లక్షలు. పెరిగే అవకాశం 60 శాతమని మీ అంచనా. 17లో 60 శాతం 10.2, 10లో 40 శాతం 4. మొత్తం 14.2 లక్షలు. అమ్మకం కంటే 20 వేలు ఎక్కువ, కనుక నిల్వే మేలు.

పక్కనే రెండో చెట్టు గీయండి. ఇందులో సున్నా ముందు, చదరం తర్వాత. అంటే ధర సంగతి కచ్చితంగా తెలిశాకే నిర్ణయం. పెరుగుతుందంటే నిల్వ: 17 లక్షలు. పడుతుందంటే వెంటనే అమ్మకం: 14 లక్షలు. అవే శాతాలతో సగటు 15.8 లక్షలు. రెండు చెట్లకూ తేడా 1.6 లక్షలు. సంపూర్ణ సమాచారం విలువ ఇదే.

ఆ తేడా ఎక్కడ పుట్టిందో చూడండి. ధర పెరిగేటట్లయితే కబురు అందినా అందకపోయినా మనం నిల్వే చేస్తాం. పడేటప్పుడే కబురు మన చేత అమ్మించి 4 లక్షలు కాపాడుతుంది. అందులో 40 శాతం 1.6 లక్షలు. నిర్ణయాన్ని మార్చని సమాచారానికి విలువ లేదు. అనిశ్చితి ఎంతుందో చూస్తే చాలదు, దాని ఫలితాలనూ తూకం వేయాలని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు రొనాల్డ్ హోవర్డ్ 1966లోనే వాదించారు.

ఎప్పుడూ తప్పని జోస్యానికే 1.6 లక్షలు గరిష్ఠమైతే, తప్పే వీలున్న సర్వేకు రెండు లక్షలు దండగ. బేరం అంతకు బాగా కిందనే మొదలుపెట్టండి.

శాతాలు మార్చి కూడా చూడండి. పెరిగే అవకాశం 90 శాతమైతే సంపూర్ణ సమాచారం విలువ 40 వేలకు, 20 శాతమైతే 60 వేలకు దిగుతుంది. ఎటూ తేల్చుకోలేని చోటే కబురుకు గిరాకీ.

ఒక జాగ్రత్త. ఇది సగటు లెక్క. 10 లక్షలే చేతికొస్తే బ్యాంకు బాకీ తీరని పరిస్థితి ఉంటే, 20 వేల సగటు లాభం కోసం సరుకు ఆపకండి.

ఏ రిపోర్టుకైనా డబ్బు మంజూరు చేయమని ఫైలు పెట్టేముందు ఒక వాక్యం రాయండి: "ఇందులో ఫలానా సంగతి తేలితే మన నిర్ణయం ఇలా మారుతుంది." ఆ ఖాళీ నింపలేకపోతే, ఆ ఫైలు పెట్టకండి.